మా పేట చేతి మాటలు

మా మేనమావ దినం భోజనాల దగ్గర జరిగింది ఇది. అమ్మవారి గుడి వెనక ఖాళీ స్థలంలో షామియానా వేసి వరసగా బల్లలు పరిచారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. బంతి మీద బంతి లేస్తోంది. వడ్డించడానికి మధురవాడ నుంచి క్యాటరింగ్ కుర్రాళ్లు వచ్చారు. చేపల పులుసు బకెట్టుతో వస్తున్న కుర్రాణ్ణి చూసి ఓ ముసలాయన అరచేయి నిలువుగా పెట్టి పక్కకి నెట్టేశాడు, ఆ తర్వాత వేళ్లు కిందికి జారవిడిచాడు. ముక్క వద్దు, పులుసు చాలు అని. కుర్రాడు బుర్రూపి పెద్ద ముక్కొకటి వేసి పోయాడు.

ఆ ముసలాయనకి చెవులు శుభ్రంగా వినపడతాయి. గొంతెత్తితే అప్పూఘర్ దాకా వినిపిస్తుంది. "ముక్కొద్దురా బావూ" అని ఓ కేక వెయ్యొచ్చు. వెయ్యలేదు. చుట్టూ చూస్తే ఆ బంతిలో పెద్దవాళ్లెవరూ నోటితో అడగడం లేదు. అన్నం, మజ్జిగ, ఉప్పు, అన్నీ చేతులతోనే. కుర్రాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చెవులు వినపడని మావ మీద గౌరవంతో చేశారని అనుకుంటే అనుకోవచ్చు గానీ, నాకలా అనిపించలేదు. ఆ వయసు వాళ్లు నలుగురు ఒకచోట చేరితే చేతులు వాటంతటవే లేస్తాయి. అంతే.

* * *

మా పేట విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఉంటుంది. పేరు రాయను. రాస్తే ఎవరెవరి గురించి చెబుతున్నానో అక్కడివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ఇసక దిబ్బ మీద తాటాకిళ్లు, కొబ్బరి చెట్లు, ఇటు చూస్తే సముద్రం, దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ.

మావకి పుట్టుకతో వినపడదు. మా అమ్మ పినతల్లికీ వినపడదు, ఆవిణ్ణి చిన్నమ్మమ్మ అనేవాళ్లం. వెనక వీధిలో అన్నదమ్ములిద్దరికి, బావి దగ్గర ఇంట్లో ఒక ఆడపిల్లకి, ఇలా వీధికి ఒకరో ఇద్దరో. ఏ ఇల్లు తీసుకున్నా, ఆ ఇంట్లో లేకపోతే వియ్యాలవారింట్లో ఒకరుంటారు. అందుకని చేతి మాటలు మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అన్నం తినడం ఎవరు నేర్పారంటే ఏం చెబుతాం?

మనిషిని పిలవాలంటే మాకో ఇబ్బంది ఉండేది. గచ్చు నేల అయితే కాలితో తడితే అదురు తెలుస్తుంది. మాది ఇసక. ఎంత తన్నినా కదలదు. అందుకని తడి ఇసక ఉండ చేసి కాళ్ల దగ్గర పడేట్టు విసిరేవాళ్లం. వీపు మీద తగిలితే అది పిలుపు కాదు, తగవు. పడవలో ఉంటే చెక్క మీద పిడికిలితో రెండు దెబ్బలు. ఎండలో అయితే మన నీడ వాళ్ల ముందు పడేట్టు నిలబడితే చాలు.

చీకటి పడితే మాటలు ఆగిపోయేవి. బుడ్డి దీపం చుట్టూ కూర్చుంటేనే మాట్లాడుకోగలం. చిన్నమ్మమ్మకి ఏదైనా చెప్పాలంటే దీపం మన మొహానికి దగ్గరగా పట్టుకోవాలి. కిరసనాయిలు కోసం పేటలో జరిగిన గొడవల్లో సగం కబుర్లు ఆగిపోయాయని జరిగినవే. తర్వాత గుడి ముందు కరెంటు స్తంభానికి మొదటి లైటు వేశారు. ఆ రోజు నుంచి పేట మొత్తం దాని కింద చేరింది. పేకాట, పెళ్లి మాటలు, అప్పుల పంచాయితీ అన్నీ అక్కడే. ఇంట్లో కరెంటు వచ్చాక కూడా చాలాకాలం జనం ఆ స్తంభం వదల్లేదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకి అంతమంది ఒకచోట కూర్చుని ఒక్క మాట వినిపించకుండా ఉన్నట్టుండి ఘొల్లుమని నవ్వితే భయం వేసేదట.

* * *

పెద్దవల చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. వలకి ఒక వైపు తాడు ఒడ్డున ఉంచి, పడవ మీద వల తీసుకెళ్లి, సముద్రంలో వంపుగా విడుచుకుంటూ వచ్చి, రెండో తాడు దూరంగా ఒడ్డుకి చేరుస్తారు. రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని లాగుతాయి. రెండు జట్లూ ఒక్కలా లాగాలి. ఒకవైపు తొందరపడితే వల వంకర పోయి చేప జారిపోతుంది. మధ్యలో అంత దూరం, పైన కెరటాల హోరు. "హైలెస్సా" అని ఎంత గట్టిగా అన్నా అవతలి జట్టుకి చేరదు.

అక్కడ మావ ఉండేవాడు, ఇసక దిబ్బ మీద. రెండు చేతులూ పైకెత్తి నిలబడితే రెండు జట్లూ ఆయన్నే చూసేవి. ఎడం వైపు ఆగండి, కుడి వైపు లాగండి, బరువుంది మెల్లగా, వల రాయికి పట్టింది, అన్నీ ఆయన చేతుల్లోనే. సముద్రం మీద నీడలాంటి మచ్చ చూసి అది కవళ్ల గుంపో, కానాగంతల గుంపో ముందే చెప్పేవాడు. దిబ్బ దిగొచ్చి తాడు పట్టుకుంటే, పక్కవాడి పాట వినపడకపోయినా, తాడు అదురుని బట్టి అందరితో కలిసి లాగేవాడు. తాత ఉన్నప్పుడు పెద్దవల పని వేరే ఆయన చేసేవాడట, ఆయనకీ వినపడేది కాదు. ఆ చోటు అలాంటివాళ్లదే అన్నట్టు అందరూ ఒప్పుకున్నారు, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక్కో చేపకి ఒక్కో చెయ్యి. నెత్తళ్లయితే చిటికెన వేలి కొస. చందువ అరచేయి బల్లపరుపుగా పెట్టి గుండ్రంగా తిప్పడం. సావడాయికి రెండు చేతులూ దగ్గర పెట్టి పొడుగ్గా లాగాలి. టేకు చేపకి చెయ్యి పరిచి వేళ్లు అల్లల్లాడించి, వెంటనే అబ్బా అని వెనక్కి తీసుకోవాలి, ముల్లు గుచ్చుకున్నట్టు. వంజరానికి ముంజేతి మీద గోటితో గీతలు. పడవ ఇంకా అలల అవతల ఉండగానే ఏం పడిందో ఆడవాళ్లకి తెలిసిపోయేది. పడవలో వాళ్లకి నోరుండీ లాభం లేదు, మాకు చెవులుండీ లాభం లేదు. తట్టలు ఎన్ని తేవాలో, ఉప్పు చూసుకోవాలో వద్దో అప్పుడే తేల్చుకునేవాళ్లు. కవళ్లు మరీ ఎక్కువ పడితే అమ్మేవి అమ్మి మిగిలినవి ఎండబెట్టాలి కదా.

* * *

పేర్లు పెట్టడంలో మావని మించినవాడు లేడు. పేటలో మనుషులకి నోటి పేరొకటి, చేతి పేరొకటి. చేతి పేరు మంచి చెడ్డలు చూసుకుని పెట్టేది కాదు, కనిపించింది కనిపించినట్టు పెట్టేది. మా అమ్మకి మణికట్టు మీద కాలిన మచ్చ, అదే పేరు. అప్పులిచ్చే ఆయన పేరు వేలు నాలిక మీద తడుపుకుని నోట్లు లెక్కపెట్టడం. సరుగుడు తోటల నుంచి వచ్చే పుల్లల బండి ఆయన పేరు తుమ్ము. ఆయన ఎప్పుడో ఓ పెళ్లిలో వరసగా తుమ్మాడు, జన్మంతా తుమ్ముగానే మిగిలాడు. ఎన్టీ రామారావుకి కిరీటం. నాగేశ్వరరావుకి మత్తుగా వాలిన కళ్లు, కొంచెం ఊగడం.

భీమిలి దగ్గర టూరింగ్ టాకీసుకి వెళ్తే మా వాళ్లంతా తెరకి ఒక పక్కగా కూర్చునేవాళ్లు, తెర వెలుతురు చేతుల మీద పడాలి కదా. వినపడేవాళ్లలో ఒకరు డైలాగులు చేతులతో చెప్పేవాళ్లు. ఆ పని నాకు చాలాసార్లు పడేది. నిజం చెప్పొద్దూ, విలన్ ఎవరో మావ నాకంటే ముందే పట్టేసేవాడు. హీరో స్నేహితుడు నవ్వుతూ మాట్లాడుతుంటే నేను ఆ తియ్యటి మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెబుతున్నాను, మావ నా చేతులు పక్కకి తోసి, వాడి కళ్లు చూడు అని చూపించాడు. ఇంటర్వెల్ తర్వాత చూస్తే వాడే.

* * *

చిన్నమ్మమ్మ చేపలు అమ్మడానికి పూర్ణా మార్కెట్‌కి వెళ్లేది. తెల్లారకముందే టెంపోలో గంపలెక్కించుకుని ఆడవాళ్లంతా కలిసి పోయేవాళ్లు. బడి సెలవుల్లో నన్ను తోడు తీసుకెళ్లేది. పేటలో ఆవిడంటే హడల్. కొట్లాటలో ఆవిడకో ఆయుధం ఉండేది. తను చెప్పాల్సింది చెప్పేసి కళ్లు మూసుకునేది. ఇక అవతలివాళ్లు ఎన్ని చేతులు ఊపినా ఆవిడకి చేరదు. కళ్లు మూసుకుందంటే గెలిచిందనే లెక్క. కోడళ్లంతా ఆవిడ దగ్గర ఓడిపోయినవాళ్లే.

అదే మనిషి టెంపో దిగి మార్కెట్లో కూర్చోగానే వేరే మనిషి అయిపోయేది. కొనేవాళ్లు ఆవిడతో కాకుండా నాతో మాట్లాడేవాళ్లు. "ఈ మూగావిడ ఎంతకిస్తుందే?" అని నన్నడిగేవాళ్లు, నాకప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. చిల్లర తక్కువిచ్చి చక్కా పోయేవాళ్లు కొందరు. కేకేస్తే తిరిగి చూస్తారు, ఆవిడ కేకెయ్యలేదని వాళ్లకి తెలుసు. నేను వెనకాల పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు టెంపోలో ఆవిడ ఆ కొన్నవాళ్లందరినీ వరసగా దింపేసేది: నడక, చూపు, ముక్కు దగ్గర పెట్టుకున్న చెంగు, చేపని వేలి కొసతో ముట్టుకోవడం. టెంపో మొత్తం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ నవ్వేవాడు, వాడికి ఒక్క ముక్క రాకపోయినా.

* * *

ఇంకో సంగతి. నన్ను మావకే ఇవ్వాలని మా ఇంట్లో కొంతకాలం మాట నడిచింది. మా అమ్మకి ఆఖరి తమ్ముడు, నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద, మేనరికం, మామూలే. స్తంభం లైటు కింద పెద్దవాళ్లు ఆ విషయం ఎన్ని రాత్రులు తవ్వారో. వలలో వాటా ఎవరికి పోతుంది, అమ్మకి రావాల్సిన బంగారం సంగతేమిటి, నేను పదో తరగతి పాసైనదాన్ని చేపలు ఎండబెడతానా, ఇవీ మాటలు. ఆయనకి వినపడదన్న మాట మాత్రం ఆ చర్చల్లో ఒక్కసారి కూడా రాలేదు. నాకు అప్పుడు అది వింతగా అనిపించలేదు. ఉద్యోగంలో చేరాక తోటివాళ్లకి చెబితే "చెవిటివాడికి ఇద్దామనుకున్నారా!" అన్నారు. అప్పుడు వింతగా అనిపించింది, వాళ్ల మాట.

సంబంధం తప్పించింది మావే. అందరి ముందు నిలబడి, ఇది పొద్దస్తమానం చేతులు ఊపుతూనే ఉంటుంది, నాకు నిద్రుండదు అని చెప్పేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి అత్తని చేసుకున్నాడు. అత్తకి చెవులున్నాయి, చేతి మాట ఒక్కటీ రాదు. ముందు తిట్లు నేర్చుకుంది, మిగతావి వాటి వెనకాలే వచ్చాయి. ఏడాది తిరిగేసరికి చిన్నమ్మమ్మకి ఎదురు చెప్పిన మొదటి కోడలు ఆవిడే.

* * *

నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. ట్రంక్ కాల్ రోజులు, వేరే ఊరికి ఫోన్ కలవాలంటే మేమే కలపాలి. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని మూడు రకాలు, డబ్బు ఎక్కువ కడితే త్వరగా కలిపేవాళ్లం. చెవులకి హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు నిండా రంధ్రాలు, చేతుల్లో తాళ్లు. "హలో రాజమండ్రీ, హలో రాజమండ్రీ" అని అరిచి అరిచి గొంతు పోయేది. హాలు మొత్తం ఒకటే రొద.

నువ్వు అక్కడ ఏం చేస్తావు అని మావ అడిగాడు. ఎక్కడో ఉన్న మనిషి మాట ఇంకెక్కడో ఉన్న మనిషి చెవిలో పడేట్టు చేస్తానని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, నాకు చేతి పేరు మార్చేశాడు. రెండు అరచేతులూ రెండు చెవుల మీద గట్టిగా మూసుకోవడం. చెవులు మూసుకుని జీతం తీసుకునేదని. ఇప్పటికీ పేటలో నా పేరు అదే.

నైట్ డ్యూటీలో నా పక్క సీటు అమ్మాయి గుంటూరు మనిషి. హెడ్‌సెట్ చెవుల మీద ఉంటే పక్కవాళ్లతో మాట్లాడటం కుదరదు, మాట్లాడితే లైన్లో పోతుంది. ఆ అమ్మాయికి మెల్లగా మా చేతి మాటలు నేర్పాను. టీ, ఇంటికి వెళ్దామా, ఈ లైన్లో ఆయన తిడుతున్నాడు, ఆకలి. ఆ అమ్మాయి ఇంకొకరికి నేర్పింది. కొన్నాళ్లకి మా వరస మొత్తానికి వచ్చేసింది. మా సూపర్‌వైజర్ గారికి కూడా పేరు పెట్టాం: రెండు వేళ్లతో కళ్లజోడు ముక్కు కొసకి దించి పైనుంచి చూడటం. ఆవిడ హాల్లోకి అడుగు పెట్టగానే ఆ చివరి నుంచి ఈ చివరికి వరసగా కళ్లజోళ్లు దిగేవి, కళ్లజోడు లేనివాళ్లకి కూడా. చెవిటివాళ్లు ఒక్కరూ లేని హాల్లో, మాటల వ్యాపారం చేసే చోట, మా పేట చేతులు అలా ఆడాయి. ఎవరి ఫోన్ నుంచి వాళ్లే దూరం ఊళ్లకి నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చాక బోర్డులు తీసేశారు, మమ్మల్ని తలో సెక్షన్‌కీ పంపేశారు.

* * *

మావని ఒకసారి కడుపునొప్పితో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చేర్పించాం. కిటికీలు లేని గదిలో డాక్టరమ్మ ఏ ఊరు అని అడిగితే, నేను చెప్పేలోపే ఆయన మంచం మీద నుంచి గోడ వైపు వేలు చూపించాడు. ఆ గోడ అవతల ఆర్కే బీచ్, రుషికొండ, ఇంకా అవతల మా పేట. సరిగ్గా అటే. మెట్లెక్కి, వరండాలు తిరిగి, స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి. మాకు ఊరంటే వేలు అటు పోవాల్సిందే, మామూలుగా గాల్లో చూపించడం ఉండదు. టైము కూడా అంతే. నడి మధ్యాహ్నం అంటే నెత్తి మీదకి, పొద్దుగూకే వేళ అంటే కొండల వైపు.

ఆ డాక్టరమ్మే మా ఇంటి సంగతి అడిగి కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ బాగానే వినపడొచ్చు. ఇద్దరి రక్తంలోనూ అదే లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు అవకాశం. మేనరికాలు చేసుకుంటూ పోతే అలాంటి ఇద్దరు కలవడం ఎక్కువ. అందుకే చెవిటివాళ్లు ఒక ఇంట్లో పోగవకుండా పేట మొత్తం చెదిరి ఉన్నారు. ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటివాళ్లకే చేతి మాటలు వచ్చేవి. అందరిళ్లలో ఉండబట్టి అందరికీ వచ్చాయి.

ఈ విషయం మా అమ్మాయికి చెబితే, అది ఎక్కడెక్కడివో వెతికి చదివి వినిపించింది. అమెరికాలో మసాచుసెట్స్ తీరం ఎదురుగా మార్తాస్ వినియార్డ్ అని ఓ దీవి ఉందట. 19వ శతాబ్దంలో ఆ దేశం మొత్తం మీద సుమారు 5,700 మందికి ఒకరు పుట్టు చెవిటివాళ్లయితే, ఆ దీవిలో 155 మందికి ఒకరు, అందులో చిల్మార్క్ అనే ఊళ్లో 25 మందికి ఒకరు. అక్కడా చేపలవాళ్లే! పడవ నుంచి పడవకి చేతులతో మాట్లాడుకునేవాళ్లట, పక్కన చెవిటివాళ్లు లేకపోయినా. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి పెట్టాక దీవి పిల్లలు అక్కడికి వెళ్లారు, బయట సంబంధాలు చేసుకున్నారు, తరాలు గడిచేకొద్దీ చెవుడు తగ్గింది. ఆ భాషలో పుట్టి పెరిగిన ఆఖరి చెవిటి మనిషి 1952లో పోయిందట.

బాలి ఉత్తరాన బెంగ్కాల అనే ఊళ్లో 1990ల్లో లెక్క చూస్తే 2,185 మందిలో 47 మందికి వినపడదు. దానికి కారణమైన జన్యువుని 1998లో పట్టుకున్నారు. వాళ్ల సైగల భాషని కత కోలోక్ అంటారు, ఊళ్లో వినపడేవాళ్లలో చాలామందికి అది వచ్చు. అక్కడ కూడా వేళ చెప్పాలంటే ఆకాశంలో పొద్దు ఉండే చోటు చూపిస్తారని చదివినప్పుడు "ఇంకోసారి చదవవే" అన్నాను. ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో అల్ సయ్యిద్ అనే బెడూయిన్ అరబ్బుల ఊరుంది, సుమారు 3,500 మందిలో 150 మంది దాకా చెవిటివాళ్లు. చుట్టూ మాట్లాడే అరబిక్‌లో క్రియ మధ్యలో వస్తే, వాళ్ల చేతి భాషలో చివర్న వస్తుందట, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోకుండా. మా చేతి మాటల్లోనూ పని చివరే: ఆడమనిషి, చేప, అమ్ముతోంది. కాకపోతే తెలుగూ అంతే కదా, మాది తెలుగు నుంచి వచ్చిందో చేతుల్లోంచి వచ్చిందో తేల్చడం ఎలా? మన హిందూపురం దాటితే కర్ణాటకలో గౌరీబిదనూరు, అక్కడ అలీపూర్ అనే ఊళ్లో కూడా చెవిటివాళ్లు ఎక్కువ, వాళ్లకీ సొంత సైగల భాష ఉంది. ఇంత దగ్గరలో! మావని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలని అనుకున్నాం, ఆయన మోకాళ్లు పడనివ్వలేదు.

* * *

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. దారులు తెరుచుకున్నాక నేను పేటకి వెళ్లేసరికి అందరూ ఒకటే మాట: ఆ రొద! రైలు నెత్తి మీద పోతున్నట్టు ఉందని, చెవులు చిల్లులు పడ్డాయని, ఇప్పటికీ నిద్ర పట్టడం లేదని. ఎవరి కథ విన్నా శబ్దంతో మొదలై శబ్దంతోనే ముగుస్తోంది.

మావ కథలో ఆ రొద లేదు. స్తంభం విరిగిపోయిన చోట నిలబడి చెప్పాడు. ముందు కొబ్బరి చెట్లు వంగడం, రేకు గాల్లో లేచి ఎగురుతూ వచ్చి గుడి గోపురానికి చుట్టుకోవడం, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటే చెక్క ఛాతీలో కొట్టుకోవడం. మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగితే అందరూ బయటికి వచ్చారు, ఆయన మాత్రం సముద్రం రంగు చూసి అందర్నీ లోపలికి తోశాడు. మళ్లీ మొదలయ్యాక ఒకరి మాట ఒకరికి వినపడక, ఎదురెదురు ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి చేతులతోనే పిల్లలు క్షేమమా, ఎవరి పైకప్పు పోయింది అని అడుగుతూనే ఉన్నారట. ఆ రోజు చేతులు రానివాళ్లు, అద్దెకొచ్చిన రిసార్టు పనివాళ్లు, నిజంగా చెవిటివాళ్లయిపోయారని చెప్పి మావ నవ్వాడు.

అప్పటికే పేట మారిపోతోంది. ఒడ్డున చేప తగ్గింది, కుర్రాళ్లు ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీదకి, కంపెనీల్లోకి పోయారు. పెద్దవల మూలన పడింది. మేనరికాలు తగ్గాయి, మంచిదే. పుట్టిన పిల్లలకి బాగానే వినపడుతోంది, వాళ్లకి చేతులు నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు.

* * *

మావ మనవడికి మాత్రం వినపడదు. వాణ్ణి చిన్నప్పుడే సిటీలో బధిరుల బడిలో వేశారు. అక్కడ వాడు దేశమంతటా వాడే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ నేర్చుకున్నాడు. ఢిల్లీలో దాని కోసం 2015లో పెట్టిన సంస్థ తయారుచేసిన డిక్షనరీలో 10,000 మాటలున్నాయట, ఫోన్‌లో చూపించాడు. వాడికి చెన్నైలో, ఇండోర్‌లో స్నేహితులున్నారు. మావ జన్మలో పేట దాటి అయిదుగురితో మాట్లాడి ఉండడు. అందుకని వాడి చదువు చూసి నాకు సంతోషమే.

మొదటి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు తాతా మనవళ్లు గుడి అరుగు మీద కూర్చుని ఒకటొకటిగా పోల్చుకున్నారు. వీడి నీళ్లు వేరు, ఆయన నీళ్లు వేరు. బడి వేరు, డబ్బు వేరు, రేపు వేరు. మావకి విసుగొచ్చింది. ఆడమనిషి అనేసరికి ఇద్దరి వేళ్లూ ఒకేసారి ముక్కుపుడక దగ్గరకి పోయాయి. మావ వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

ఇప్పుడు వాడు పేట చేతి మాటలన్నీ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అత్త ముందు కూర్చుని చేసి చూపిస్తుంది, వాడు కింద తెలుగులో పేరు రాస్తాడు. కవళ్ల దగ్గర పెద్ద తగవు వచ్చింది. అత్త ఒకలా చేస్తుంది, వెనక వీధి ముసలాయన అది శ్రీకాకుళం చెయ్యి, మనది కాదంటాడు. "నలభై ఏళ్లబట్టి ఈ ఇంట్లో ఉంటే ఇంకా శ్రీకాకుళమేటి?" అని అత్త నోటితోనూ చేతులతోనూ ఒకేసారి తిట్టింది. వాడు రెండూ తీశాడు, తిట్టు కూడా.

మొన్న నా వంతు వచ్చింది. చేపలవీ, సినిమావీ అయ్యాక, మీ ఆఫీసులో వాడినవి చెప్పు అన్నాడు. టీ, ఆకలి, తిడుతున్నాడు, అన్నీ చేశాను. చెయ్యకూడదనుకుంటూనే రెండు వేళ్లతో కళ్లజోడు కిందికి లాగాను. అత్త చూసి, "ఓలమ్మ, ఇది మా పాత ప్రెసిడెంటు కదేటి!" అంది. కాదు, మా సూపర్‌వైజర్ గారు, ఆవిడ ఇంకా బాగానే ఉన్నారు, సీతమ్మధారలో మనవలతో ఉంటున్నారు, ఆ ఒక్కటీ తీసెయ్యరా అని వాడికి చెప్పాను. వాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ, అది అప్పుడే స్నేహితులందరికీ పంపేశానని చెప్పాడు. ఇండోర్ కుర్రాళ్లు వాళ్ల వార్డెన్‌కి ఆ పేరే పెట్టుకున్నారట.